దసరా బట్టలు: టీనేజ్ పిల్లలు ఏం అడుగుతున్నారు, డబ్బు ఎక్కడ పెట్టాలి

మీరు అడిగింది ఇదీ: బాబు ఇంటర్ ఫస్టియర్, పాప తొమ్మిదో తరగతి, దసరాకి ఇద్దరికీ కలిపి పన్నెండు వేలు అనుకున్నారు. బాబు స్నిచ్ షర్టు, బ్యాగీ జీన్స్, జోర్డన్ బూట్లు అంటున్నాడు, పాప ఫోన్లో న్యూమీ, సవానా అనే బట్టల యాపులు చూపిస్తోంది, మీవారేమో ఎప్పట్లాగే ఏదో ఒక పెద్ద షాపింగ్ మాల్‌కి వెళ్లి ఒక్క పూటలో తేల్చేద్దాం అంటున్నారు. వీటిలో ఏది మన్నుతుంది, ఏది పేరుకే ఖరీదు అని మీ ప్రశ్న. బెజవాడలో మాది రెడీమేడ్ షాపు అండి. తిరుపూర్, బళ్ళారి, ముంబై నుంచి సరుకు తెస్తాం, మా కౌంటర్ దగ్గరికి వచ్చేవాళ్లలో సగానికి పైగా ఈ వయసు పిల్లలే. అందుకని కాస్త వివరంగానే రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

బాబు స్నిచ్ అన్నాడని మీరు ఆ కంపెనీ గురించి కంగారు పడుతున్నారు గానీ, వాడి మనసులో ఉన్నది ఆ ఫొటోలో కుర్రాడి ఒంటి మీద ఆ షర్టు పడిన తీరు. ఇదివరకు పిల్లలు షాపులోకి వస్తూనే పేరు చెప్పేవాళ్లు, లీవైస్ ఉందా, పెపే ఉందా అని. ఇప్పుడు ఫోన్ తీసి ఇన్‌స్టాలో సేవ్ చేసుకున్న ఫొటో చూపించి "అంకుల్, ఇలా పడాలి" అంటారు. చొక్కా భుజం ఎంత కిందికి జారాలో, ప్యాంటు బూటు మీద ఎన్ని ముడతలు పడాలో వాళ్లకి లెక్క ఉంది. ఆ పడటం కుదిరిందంటే లోపల లేబుల్ మీద ఏముందో చాలామంది తిరగేసి కూడా చూడరు. బ్రాండ్ పట్టింపు పోలేదు, కాకపోతే అదంతా ఇప్పుడు బూట్ల దగ్గరికి చేరింది, దాని సంగతి కింద చెప్తాను. కాబట్టి పిల్లలతో "ఏ బ్రాండ్ కావాలి" అని వాదించే బదులు "ఏ ఫిట్ కావాలి" అని అడగండి, సగం గొడవ అక్కడే తగ్గుతుంది, ఖర్చు కూడా.

జీన్స్‌తో మొదలుపెడతాను, ఎందుకంటే తల్లిదండ్రులు ఎక్కువ నష్టపోయేది ఇక్కడే. కొన్నేళ్ల కిందటి దాకా పెన్సిల్ ఫిట్ రాజ్యం, డెనిమ్‌లో ఒకటి రెండు శాతం లైక్రా అనే సాగే దారం కలిపి కాలికి అంటుకుపోయేలా కుట్టేవాళ్లు. ఆ సరుకు ఈరోజు మూడొందలకి ఇస్తానన్నా ఇంటర్ కుర్రాడు ముట్టుకోడు. నలభై దాటిన నాన్నలు మాత్రం ఇప్పటికీ అదే అడుగుతారు, ట్రయల్ రూమ్ బయట తండ్రి టైటు జీన్స్‌లో, కొడుకు రెండు కాళ్లూ ఒకే గొట్టంలో పట్టేంత బ్యాగీలో నిలబడి ఒకరినొకరు జాలిగా చూసుకోవడం మాకు రోజూ ఉండే వినోదమే. చాలామంది అమ్మలు చేసేది ఏమిటంటే, బ్యాగీ అంటే వదులు కదా అని మామూలు రెగ్యులర్ ఫిట్‌లో రెండు సైజులు పెద్దది తీసి బెల్టు బిగించమంటారు. అది బ్యాగీ కాదండి, పెద్దన్నయ్య ప్యాంటు తొడుక్కున్నట్టు నడుము దగ్గర ముడతలు పడి, కాళ్ల మధ్య కుట్టు కిందికి జారి వికారంగా ఉంటుంది, పిల్లాడు ఒకసారి వేసి బీరువాలో పడేస్తాడు. నడుము సరిగ్గా వాడి కొలతే ఉండాలి, వెడల్పు తొడ దగ్గర నుంచి మొదలై మోకాలు, పాదం దాకా రావాలి. పాదం దగ్గర అంచుని బల్లమీద పరిచి కొలిస్తే తొమ్మిది పది అంగుళాలు ఉంటే వాళ్లు అడిగే బ్యాగీ అదే.

బట్టలో లైక్రా లేకపోతే మంచిది, నూరు శాతం కాటన్ డెనిమ్ అయితేనే నిలువుగా జారుతుంది, లైక్రా కలిస్తే అంత వెడల్పు బట్ట మోకాళ్ల దగ్గర వేలాడిపోతుంది. లోపల వాష్ లేబుల్ మీద శాతాలు రాసి ఉంటాయి, చదవండి. ఇంకో ముఖ్యమైన మాట, పొడుగు ఎక్కువైందని కింద కత్తిరించి కుట్టించకండి. ఆ పొడుగు బూటు మీద మడతలు పడి కూర్చోవాలనే వాళ్ల కోరిక, మీరు నీట్‌గా ఉంటుందని రెండంగుళాలు కత్తిరించారంటే ఆ జీన్స్ పని అయిపోయినట్టే. నేల మీద ఈడుస్తుందంటే మాత్రం కత్తిరించకుండా లోపలికి మడిచి చేతికుట్టు వేయించండి, ఈ వయసులో ఎలాగూ పొడుగవుతారు.

పేరు లేని జీన్స్ అంటే నాసిరకం అనుకోవద్దు. మన అనంతపురం జిల్లా రాయదుర్గంలో, పక్కనే బళ్ళారిలో ఎన్నో కుటుంబాలు జీన్స్ కుట్టే బతుకుతున్నాయి, రెండు తెలుగు రాష్ట్రాల్లో మామూలు షాపుల్లో ఆరేడు వందల నుంచి వెయ్యి లోపల దొరికే జీన్స్‌లో చాలా భాగం ఆ వైపు నుంచి వచ్చేదే. ఫొటో చూపిస్తే నెల తిరక్కుండా ఆ కట్టింగ్ దింపేస్తారు. తేడా ఎక్కడొస్తుందంటే జిప్పులో, జేబు లోపలి బట్టలో, రంగు ఆగడంలో. జిప్పు నాలుగైదు సార్లు లాగి చూడండి, జేబులో చెయ్యి పెట్టి బట్ట గుడ్డపీలికలా పల్చగా ఉందేమో తడమండి, తెల్ల రుమాలు కాస్త తడిపి ప్యాంటు మీద గట్టిగా రుద్దండి, ముదురు నీలం కొంచెం అంటడం మామూలే గానీ రుమాలంతా నీలం అయితే వదిలేయండి. ఈ మూడూ బాగుంటే వెయ్యి రూపాయల జీన్స్ కాలేజీ రెండేళ్లూ లాగేస్తుంది.

ఇక ఓవర్‌సైజ్డ్ టీ షర్టులు. మా తరంలో అమ్మ "పెరుగుతాడులే" అని ఒక సైజు పెద్దది కొనేది, మనం ఏడ్చేవాళ్లం. ఇప్పుడు పిల్లలే పెద్దది అడుగుతున్నారు, అమ్మలకి మంచి రోజులు! కానీ ఓవర్‌సైజ్డ్ అని ట్యాగు ఉన్నదాంట్లో వాడి మామూలు సైజే తీసుకోవాలి, ఎం వేసేవాడికి ఎమ్మే. భుజం జారడం, చేతులు మోచేతి దాకా రావడం అంతా కట్టింగ్‌లోనే ఉంటుంది. దాంట్లో మళ్లీ ఎక్స్‌ఎల్ తీస్తే నైటీ అవుతుంది.

పిల్లలు జీఎస్ఎమ్ అనే మాట వాడతారు, భయపడకండి, చదరపు మీటరు బట్ట ఎన్ని గ్రాములు తూగుతుందన్న లెక్క అంతే. మామూలు టీ షర్టు 160 నుంచి 180 ఉంటుంది, ఈ ఓవర్‌సైజ్డ్‌వి 220, 240 అని గొప్పగా రాస్తారు. బరువైన బట్ట ఒంటికి అతుక్కోకుండా డబ్బాలా నిలబడుతుంది, అందుకే ఫొటోలో బాగుంటుంది. రీల్స్ చూసి 240 కావాలంటారు గానీ ముంబైలో ఏసీ గదిలో తీసిన ఫొటో వేరు, మే నెలలో బెజవాడ, ఖమ్మం, రామగుండం ఎండ వేరు. అది వేసుకుంటే దుప్పటి కప్పుకున్నట్టే. మన దగ్గర 180 నుంచి 200 మధ్య పూర్తి కాటన్ చాలు, చలికాలానికి ఒకటి బరువుది ఉంటే ఉండనివ్వండి. బరువు పెంచడానికి పాలిస్టర్ కలిపినవి కూడా వస్తున్నాయి, చేతికి మందంగానే ఉంటాయి, చెమట మాత్రం పీల్చవు, రెండు ఉతుకులకి పైన ఉండలు కడతాయి.

ప్రింట్ చూడటం నేర్చుకోండి. వీపు మీద పెద్ద బొమ్మ, యానిమే అనే జపాన్ కార్టూన్ల మొహాలు, ఏదో ఇంగ్లిష్ వాక్యం, ఇవే ఎక్కువ నడుస్తున్నాయి. చవక వాటిలో చాలా వరకు ఫిల్మ్ మీద అచ్చేసి వేడితో అతికిస్తారు, ముట్టుకుంటే ప్లాస్టిక్ కాగితం అంటించినట్టు తెలుస్తుంది. బొమ్మ చిన్నదైతే పర్వాలేదు, వీపంతా అదే ఉంటే గాలి ఆడదు. ప్రింట్ ఉన్న చోట బట్టని రెండు చేతులా మెల్లగా సాగదీయండి, నాసిరకం అయితే సన్నటి పగుళ్లు షాపులోనే కనిపిస్తాయి. ఇంటికెళ్లాక తిరగేసి ఉతకండి, ప్రింట్ మీద ఇస్త్రీ పెట్టకండి. పక్క కుట్టు కూడా చూడండి, చంక నుంచి కిందికి తిన్నగా రాకుండా పొట్ట వైపు తిరుగుతోందంటే ఉతికాక ఇంకా మెలి తిరుగుతుంది. నన్నడిగితే టీ షర్టుకి వెయ్యి పైన పెట్టకండి. సోల్డ్ స్టోర్ (Souled Store) లాంటి బ్రాండ్లలో రేటు ఎక్కువ ఎందుకంటే సూపర్ హీరోల బొమ్మలకి లైసెన్సు తీసుకుని వేస్తారు, ఆ బొమ్మ మీద మీ అబ్బాయికి ప్రాణం అయితే ఒకటి కొనండి, ఊరికే నల్ల టీ షర్టు అయితే అక్కర్లేదు.

బ్రాండ్ల సంగతి, త్వరగా చెప్పేస్తాను. ఈ వయసు మార్కెట్‌ని మార్చేసింది జూడియో, అందులో అనుమానం లేదు. టాటా వాళ్ల ట్రెంట్ కంపెనీది, 2016లో మొదలైంది, పెద్ద ప్రకటనలు లేవు, అన్నీ సొంత సరుకే, రేటు దాదాపు అంతా వెయ్యి లోపే. మాలాంటి షాపుల కడుపు కొట్టింది అదే అయినా నిజం చెప్పాలి, ఆ రేటుకి ఆ కట్టింగ్ ఇవ్వడం తేలిక కాదు. పిల్లల ఫిర్యాదు ఒక్కటే, క్లాసులో నలుగురు అదే టీ షర్టులో దిగుతారు, "జూడియో యూనిఫామ్" అని ఒకళ్లనొకళ్లు ఏడిపించుకుంటారు. ప్రింట్ లేనివి, ప్యాంట్లు, నైట్ డ్రెస్సులు అక్కడ తీసుకుంటే ఆ బాధ ఉండదు. జాగ్రత్త ఒకటి, జూడియో ఆన్‌లైన్లో అమ్మదు, ఆ పేరుతో ఆఫర్ లింక్ వాట్సాప్‌లో వస్తే అది మోసమే, పాప నొక్కకుండా చూసుకోండి. దానికి పోటీగా రిలయన్స్ వాళ్లు యూస్టా పెట్టారు, మొదటి షాపు 2023 ఆగస్టులో హైదరాబాద్ కొండాపూర్ శరత్ సిటీ మాల్‌లోనే తెరిచారు, అక్కడా అన్నీ వెయ్యి లోపే. మ్యాక్స్ కొంచెం పెద్దవాళ్ల షాపు అని పిల్లల అభిప్రాయం, బట్ట మాత్రం బాగానే ఉంటుంది.

ఇలా వెయ్యికి ఒక్క రూపాయి తక్కువగా 999 పెట్టడం ఉత్త బాటా రేటు అనుకోకండి, దానికి ఇంకో కారణం కూడా ఉండేది. వెయ్యి రూపాయల దాకా బట్టల మీద జీఎస్టీ 5 శాతం, దాటితే 12 ఉండేది, అందుకని అందరూ గీత దాటకుండా రేటు కట్టేవాళ్లు. 2025 సెప్టెంబర్ 22 నుంచి ఆ గీత 2500కి జరిగింది, అక్కడి దాకా 5 శాతమే, దాటితే ఏకంగా 18. బూట్లకీ అంతే. అంటే పదిహేను వందలు, రెండు వేల మధ్య జీన్స్, బూట్లు కొనేవాళ్లకి పన్ను తగ్గింది, మూడు వేల జీన్స్‌కి పెరిగింది. షాపులో రేటు చూసేటప్పుడు ఇది గుర్తుంచుకోండి.

స్నిచ్ బెంగళూరుది, షార్క్ ట్యాంక్ షోలో కనిపించాక మన ఊళ్లలో పిల్లలకి బాగా తెలిసింది. షర్టులు నిజంగానే బాగుంటాయి, అబ్బాయిల్లో ఇప్పుడు నడుస్తున్న గరుకు బట్ట హాఫ్ హ్యాండ్స్, అల్లిక కాలర్ టీ షర్టు, ముందు మడతలున్న వదులు ప్యాంటు లాంటివి వాళ్లు ముందుగా తెస్తారు. వీటికి పిల్లలు పెట్టుకున్న పేరు ఓల్డ్ మనీ, అంటే పైన ఎక్కడా బ్రాండ్ పేరు కనిపించకుండా డబ్బున్నవాడిలా ఉండటం. పండగకి అమ్మమ్మ ఇంటికి వెళ్లినా పెద్దవాళ్లు ఏమీ అనని డ్రెస్ అది, కాబట్టి మీవారికీ నచ్చుతుంది. విజయ్ దేవరకొండ 2018లో పెట్టిన రౌడీ బ్రాండ్ అప్పట్లో మా దగ్గర రోజూ అడిగేవాళ్లు, ఇప్పుడు అంతగా లేదు. హీరో వేసుకున్నాడని కొనే రోజులు తగ్గాయి, సీనియర్ వేసుకున్నాడని కొంటున్నారు. ఫుట్‌బాల్ జెర్సీలు కూడా అంతే, మ్యాచ్ ఒక్కటి పూర్తిగా చూడని పిల్లలు కూడా రొనాల్డో ఏడు, మెస్సీ పది వేసుకుని ట్యూషన్‌కి పోతున్నారు, పాలిస్టర్ కాబట్టి ఆరడం సులువు, ఒకటి ఉంటే తప్పు లేదు.

ఇప్పుడు బూట్లు. మీ ఇంట్లో అసలు టెన్షన్ ఇదే అని నాకు అర్థమైంది. కార్పొరేట్ కాలేజీలో ఆరు రోజులు యూనిఫామ్, కలర్ డ్రెస్ ఎప్పుడో బర్త్‌డేకి, ఫ్రెషర్స్ డేకి. అందరూ ఒకే రంగు చొక్కాలో ఉన్నప్పుడు తేడా చూపించుకోవడానికి మిగిలేది బూట్లు, వాచీ, బ్యాగు. అందుకే బ్రాండ్ పిచ్చి అక్కడికి చేరింది. బాబు అడిగే జోర్డన్ అంటే 1985లో నైకీ వాళ్లు బాస్కెట్‌బాల్ ఆటగాడు మైకేల్ జోర్డన్ పేరుతో తెచ్చిన బూట్ల మోడల్, ఆయన ఆట చూడని పిల్లలు ఇక్కడ దాని రంగుల పేర్లు వరసగా చెప్తారు! ఒరిజినల్ కొంటే మీ బడ్జెట్‌లో ముప్పావు వంతు ఒక్క బూట్ల జతకే పోతుంది. దాంతో వాడు ఫస్ట్ కాపీ అంటాడు, లేదా సెవెన్ ఏ, మాస్టర్ కాపీ అంటాడు, పదిహేను వందల నుంచి మూడు వేల దాకా ఇన్‌స్టా పేజీల్లో అమ్ముతుంటారు. పేరు ఏదైనా అది నకిలీయే, అమ్మడం ట్రేడ్‌మార్క్ చట్టం ప్రకారం నేరం, అందుకే ఆ పేజీలకి అడ్రస్ ఉండదు, బిల్లు ఉండదు, సైజు తప్పొచ్చినా మార్చరు.

చట్టం సంగతి పిల్లలకి ఎక్కదు, నాకు తెలుసు. ఎక్కేది ఇంకోటి ఉంది. నకిలీ జోర్డన్‌ని పట్టుకోవడం క్లాసులో ఇప్పుడు ఒక ఆట. కుట్టు ఎక్కడ తిరగాలి, పక్కన గుర్తు తోక ఎంత సన్నగా ఉండాలి, అన్నీ వాళ్లకి యూట్యూబ్ నేర్పింది. క్యాంపస్ అనే మామూలు కంపెనీ బూట్లు వేసుకున్నవాడిని ఎవరూ ఏమీ అనరు, నకిలీ జోర్డన్ వేసుకున్నవాడిని ఏడాదంతా "ఫస్ట్ కాపీ" అని పిలుస్తారు. ఈ మాట బాబుతో ఒకసారి అనండి, వాడికే తెలుసు. పైగా ఆ సోలు గట్టిది, జిగురు మన ఎండకి వదిలేస్తుంది, పాదం పెరిగే వయసులో అది పెట్టి నడిపించడం మంచిది కాదు. దాని బదులు రెండు, రెండున్నర వేలల్లో క్యాంపస్, రెడ్ టేప్, లేదా సేల్‌లో పూమా తెల్ల స్నీకర్ చూడండి, పెద్ద గుర్తు లేని తెల్ల బూటు బ్యాగీ కింద దేనికైనా సరిపోతుంది. నిజంగా జోర్డనే కావాలంటే పుట్టినరోజు డబ్బులు, సంక్రాంతి డబ్బులు కలిపి దాచుకోమనండి, సగం మీరు వేస్తానని చెప్పండి. క్రాక్స్ అనే చిల్లుల చెప్పుల గురించి మీరు అడగలేదు గానీ అడిగే రోజు వస్తుంది, ఒరిజినల్ మూడు వేల చుట్టూ, అదే ఆకారంలో పేరు లేనివి నాలుగైదు వందలకి దొరుకుతాయి, వర్షాకాలానికి అవి చాలు.

పాప విషయానికి వస్తే, అమ్మాయిల ఫ్యాషన్ అబ్బాయిల కంటే రెండింతల వేగంతో మారుతుంది, కాబట్టి ఒక్కో బట్ట మీద తక్కువ పెట్టడమే తెలివి. వైడ్ లెగ్ జీన్స్ ఒకటి గట్టిది కొనండి, అది మాత్రం నిలబడుతుంది, దాని మీద పొట్టి కుర్తీ వేసినా, టాప్ వేసినా, అన్నయ్య టీ షర్టు లాక్కుని వేసినా నడుస్తుంది, మా దగ్గర అన్నాచెల్లెళ్లు ఒకే టీ షర్టు కోసం పోట్లాడుకోవడం కొత్త విషయమేమీ కాదు. న్యూమీ, సవానా, అర్బానిక్ యాపుల్లో ఫొటోకి, చేతికొచ్చే బట్టకి మధ్య దూరం ఉంటుంది, ముఖ్యంగా టాపుల్లో లైనింగ్ ఉండదు, పొడుగు తక్కువ వస్తుంది. సైజు అక్షరం నమ్మకుండా, పాప దగ్గర సరిగ్గా ఉన్న టాప్ ఒకటి పరిచి ఛాతీ, పొడుగు టేపుతో కొలిచి యాప్‌లో అంగుళాల పట్టికతో పోల్చి ఆర్డర్ పెట్టండి. షీయిన్ 2020లో నిషేధం అయ్యాక 2025లో రిలయన్స్ ద్వారా మళ్లీ వచ్చింది, దానికీ ఇదే సూత్రం. పొట్టి టాప్ గురించి ఇంట్లో అభ్యంతరం ఉంటే యాప్ తెరవకముందే చెప్పండి, వచ్చాక తిరిగి పంపించేస్తే పాప నెల రోజులు మాట్లాడదు.

పండగ రోజుకి మాత్రం ఈ యాపులు వద్దు. బతుకమ్మకో, దసరా పూజకో లంగా ఓణీ అంటే ఇప్పుడు పిల్లలే ఇష్టంగా కట్టుకుంటున్నారు, ఫొటోల కోసమే అయినా సరే. బట్ట తీసి మీ టైలర్ దగ్గర బుట్ట చేతుల జాకెట్టు కుట్టించండి, లోపల రెండంగుళాలు ఖాళీ వదలమని చెప్పండి, వచ్చే ఏడాదికి కూడా పనికొస్తుంది.

లెక్క వేసి చూద్దాం. బాబుకి బూట్లు 2500 లోపు, జీన్స్ 1200, రెండు టీ షర్టులు 800, స్నిచ్ లాంటి షర్టు ఒకటి 1200, మొత్తం 5700. పాపకి జీన్స్ 1000, రెండు టాపులు 800, లంగా ఓణీ కుట్టుకూలితో 2500, చెప్పులు 800, అంటే 5100. మిగిలిన వెయ్యి పైచిలుకు వాళ్లిద్దరి చేతికే ఇచ్చేయండి, మీరు పక్కన నిలబడి వంక పెట్టకుండా వాళ్లకి నచ్చింది కొనుక్కోనివ్వండి. డల్లాస్ నుంచి బాబాయి హూడీ పంపిస్తానంటే వద్దనకండి గానీ, అది మన ఎండకి జనవరిలో తప్ప పనికిరాదని ముందే అనుకోండి.

పండగకి పది రోజుల ముందే, అదీ మంగళ, బుధవారాల్లో పొద్దున్నే వెళ్లండి. చివరి వారంలో నడుము 30, 32, టీ షర్టుల్లో ఎం, ఎల్ ముందుగా అయిపోతాయి, మిగిలేవి 28, 38. డబ్బులు కట్టేముందు మార్పిడికి ఎన్ని రోజులు అని అడిగి బిల్లు మీదే రాయించుకోండి, ట్యాగులు పండగ రోజు దాకా తెంపకండి. పిల్లల్ని వెంట తీసుకెళ్లి ట్రయల్ వేయించడం మాత్రం మానకండి, ఈ వయసు పిల్లల్ని నడుము సైజు అడిగితే పోయిన ఏడాదిదే చెప్తారు.